మా తరువాత వీడికి ఎవరు?

ఆటిజం ఉన్న బిడ్డలను పెంచుతున్న తల్లిదండ్రులు ధార్మిక విషయాలు తెలుసుకోవడానికి మా వద్దకు వస్తూ ఉంటారు. వీడికి నమాజు విధి అవుతుందా, ఉపవాసాలు ఉండకపోతే పరిహారం చెల్లించాలా, జుమాకు తీసుకువస్తే పక్కవారికి ఇబ్బంది కలుగుతుందేమో అంటూ సంభాషణ మొదలవుతుంది. అది ఎటు తిరిగినా చివరకు ఒకే ప్రశ్న దగ్గర ఆగుతుంది: “మేము ఉన్నంతకాలం సరే, మా తరువాత వీడికి ఎవరు?”

ఈ ప్రశ్నకు మన సమాజంలో మూడు సమాధానాలు వినిపిస్తాయి. అన్నదమ్ములు చూసుకుంటారన్నది ఒకటి. ప్రభుత్వ పింఛను వస్తుందన్నది రెండోది. జకాత్, సదఖాల నుంచి ఎవరో ఒకరు ఆదుకుంటారన్నది మూడోది. మూడూ అవసరమైనవే. అయితే మూడింటిలోనూ ఆ బిడ్డ చెయ్యి కిందనే ఉంటుంది. ఇచ్చే చెయ్యి తీసుకునే చేతికన్నా మేలైనదని దైవప్రవక్త (స) బోధించినప్పుడు ఆ మేలు నుంచి ఈ బిడ్డలను మినహాయించలేదు. కనుక ఈ నెల మేము నాలుగో సమాధానం గురించి మాట్లాడదలిచాము. ఆటిజం ఉన్న పిల్లలకు పని నేర్పి, తమ కూలి తాము సంపాదించుకునే స్థితికి చేర్చే విద్య ఒకటుంది. దానినే జీవనవృత్తిగా చేసుకున్నవారిని ప్రవర్తనా విశ్లేషకులు, అంటే బిహేవియర్ అనలిస్టులు అంటారు. మన దేశంలో ఈ పనిని ఎక్కువగా ప్రత్యేక ఉపాధ్యాయులు, మనోవైజ్ఞానికులు చేస్తున్నారు.

ఫజ్ర్ అజాన్ ఇచ్చిన అంధుడు

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ఆయన విషయంలోనే ‘అబస’ సూరా ప్రారంభ వాక్యాలు అవతరించాయని మనకు తెలుసు. ఆయన ఒక ఉద్యోగం కూడా చేశారు. మదీనాలో దైవప్రవక్త (స) నియమించిన ముఅజ్జిన్లలో ఆయన ఒకరు. రమజాన్‌లో హజ్రత్ బిలాల్ (రజి) రాత్రి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. ప్రభాతం కాగానే ఇచ్చే అజాన్ బాధ్యత ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)ది. ఆ అజాన్ వినిపించేవరకు సహరీ తినవచ్చని ప్రవక్త (స) ప్రజలకు చెప్పి ఉంచారు.

ఒక్కసారి ఆలోచించండి. తూర్పున తెల్లచార కనిపించిందా లేదా అని చూడవలసిన పని అది. ఆ పనిని కళ్లు లేని మనిషికి అప్పగించారు. మరి ఆయన ఎలా చేసేవారు? తెల్లవారిందని ప్రజలు ఆయనకు చెప్పేవారని, అప్పుడే అజాన్ మొదలుపెట్టేవారని సహీహ్ బుఖారీలో ఉంది. బాధ్యత ఆయనది, గొంతు ఆయనది, గౌరవం ఆయనది. ఆయన చేయలేని ఒక్క భాగాన్ని మాత్రం చుట్టూ ఉన్నవారు అందించారు. మదీనా మొత్తం ఉపవాస దీక్ష ఆ అజాన్ మీద ఆధారపడింది.

వికలాంగులకు ఉపాధి గురించి ఈనాడు నిపుణులు చెప్పే ముఖ్య సూత్రం ఇదే. మనిషిని పనికి తగినట్టు తీర్చిదిద్దడంతో పాటు, పని దగ్గర అతనికి కావలసిన ఊతాన్ని అమర్చాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా ఉద్యోగం నిలవదు.

బోయిన్‌పల్లిలో జరిగిన కృషి

ఈ విద్యకు మన దేశంలో పునాది వేసిన స్థలాలలో ఒకటి మనకు ఎంతో దగ్గర్లో ఉంది. సికింద్రాబాదు బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. ఎన్‌ఐఎంహెచ్‌గా పేరుపొందిన ఆ సంస్థ ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ, అంటే మేధోపర వైకల్యం గలవారి సాధికారతకై ఏర్పడిన జాతీయ సంస్థ. బిడ్డలకు పరీక్షలు, శిక్షణ ఇవ్వడంతో పాటు ప్రత్యేక విద్యలో బీఎడ్, ఎంఎడ్, వృత్తి పునరావాసంలో డిప్లొమా వంటి కోర్సుల ద్వారా ఉపాధ్యాయులను తయారుచేయడం దాని పని.

ఆ సంస్థలో పనిచేసిన రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ గార్లు 1992లో భారతీయ పిల్లల కోసం ‘బేసిక్-ఎంఆర్’ అనే ప్రవర్తనా కొలమానాన్ని, దానితో పాటు ఉపాధ్యాయులకు ఒక బోధనా గ్రంథాన్ని రూపొందించారు. ఆ కొలమానంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగంలో బిడ్డ నేర్చుకోవలసిన 280 నైపుణ్యాలు, ఏడు విభాగాలలో, విభాగానికి 40 చొప్పున ఉంటాయి. రెండో భాగంలో 75 సమస్యాత్మక ప్రవర్తనలు ఉంటాయి. మొదటి భాగంలోని ఏడు విభాగాలలో ఒకటి వృత్తికి ముందు కావలసిన నైపుణ్యాలకు, డబ్బు వ్యవహారానికి కేటాయించారు. ఉద్యోగానికి కావలసిన పునాది బిడ్డ బడిలో ఉండగానే పడాలని వారు ఆనాడే గుర్తించారన్నమాట. 2001లో అదే సంస్థ నుంచి ఎ.టి. థ్రెస్యాకుట్టి, ఎల్. గోవిందరావు గార్లు బడి నుంచి పనికి మారే దశ గురించే ఒక మార్గదర్శిని వెలువరించారు. ఇవి మేధోపర వైకల్యం ఉన్నవారి కోసం తయారైనవి. ఆటిజం ఉన్న పిల్లలలో పలువురికి ఆ వైకల్యం కూడా ఉంటుంది. మిగిలినవారి విషయంలోనూ ఈ బోధనా పద్ధతి ఉపకరిస్తుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పక తప్పదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే మనోవైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించారు. ఇది పుట్టుకతో మెదడు ఎదుగుదలలో ఉండే భిన్నత్వం. తల్లి పెంపకంలో లోపం వల్ల ఇది రాదు. జిన్నుల ఉనికిని మనం విశ్వసిస్తాము. అంతమాత్రాన మాట రాని ప్రతి బిడ్డకూ ఏదో పట్టిందని తేల్చి, తాయెత్తుల కోసం ఊరూరా తిరగడానికి ధర్మంలో ఆధారం లేదు. అలా తిరిగిన సంవత్సరాలే ఆ బిడ్డ నేర్చుకోవడానికి అత్యంత విలువైనవి. పెళ్లి చేస్తే బాగైపోతాడన్న సలహా ఇంకా ప్రమాదకరం. దానివల్ల మరొక ఇంటి బిడ్డకు అన్యాయం జరుగుతుంది.

పనిని ముక్కలు చేసే విద్య

ప్రవర్తనా విశ్లేషకుడు ఏం చేస్తాడు? బేకరీలో ఉస్మానియా బిస్కెట్లను డబ్బాలో సర్దే పని తీసుకుందాం. మనకు అది ఒక్క పని. ఆయన దానిని చేతులు కడుక్కోవడం, టోపీ పెట్టుకోవడం, డబ్బా తీసుకోవడం, అడుగున కాగితం పరచడం, పన్నెండు బిస్కెట్లు పేర్చడం, మూత పెట్టడం, చీటీ అంటించడం, అరలో ఉంచడం అని విడదీస్తాడు. ఒక్కో మెట్టునూ బిడ్డ తనంతట తాను చేశాడా, మాటతో గుర్తుచేస్తే చేశాడా, చెయ్యి పట్టి చేయించవలసి వచ్చిందా అని ప్రతిరోజూ రాసుకుంటాడు. నెల గడిచాక ఆ కాగితం చూస్తే ఎక్కడ ముందుకు వెళ్లాడో, ఎక్కడ ఆగిపోయాడో తెలుస్తుంది. ‘వీడికి రాదు’ అన్న మాటకు బదులు ‘వీడికి మూత పెట్టడం దగ్గర సాయం కావాలి’ అన్న మాట పుడుతుంది.

పన్నెండు లెక్కపెట్టడం రాకపోతే? పన్నెండు గుండ్రాలు గీసిన అట్టముక్క ముందు పెడతారు. గుండ్రానికి ఒక బిస్కెట్ చొప్పున నిండితే లెక్క సరిపోయినట్టే. కొందరికి చివరి మెట్టునే మొదట నేర్పుతారు. అన్నీ గురువు చేసి, డబ్బాను అరలో ఉంచే పని బిడ్డకు వదిలేస్తాడు. పని పూర్తయిన సంతోషం మొదటి రోజే బిడ్డకు దక్కుతుంది. ఆ తరువాత చివరి రెండు మెట్లు, ఆపై మూడు. ఇలా వెనుక నుంచి ముందుకు వస్తారు. మొదట్లో మెచ్చుకోలుగా ఒక మిఠాయి ముక్క ఇచ్చినా, మెల్లగా అది ‘శభాష్’గా, చివరకు నెలాఖరు జీతంగా మారాలి. గురువు చెయ్యి కూడా అలాగే క్రమంగా వెనక్కి తగ్గాలి. పక్కన నిలబడినవాడు గది అవతలికి, అక్కడి నుంచి వారానికి ఒకసారి వచ్చి చూసిపోయే దూరానికి వెళ్లాలి.

మదర్సాలలో చదివినవారికి ఈ పద్ధతి పరాయిదిగా తోచదు. హిఫ్జ్ విద్యార్థికి ఆ రోజు కొత్త పాఠం సబక్, ఇటీవలి పాఠాల పునశ్చరణ సబ్కీ, పాత భాగాల పునశ్చరణ మంజిల్. ఖురాన్ మొత్తాన్ని ఒకేసారి ఎవరి ముందూ పెట్టరు. కొన్ని పంక్తులుగా విడదీసి, గట్టిపడినదాన్ని జారిపోకుండా తిప్పుతూ ఉంటారు.

ఇంట్లోనే దీన్ని ప్రారంభించదలిచిన తల్లులకు వుజూ మంచి పాఠం. దానికి స్థిరమైన వరుస ఉంది. రోజుకు ఐదుసార్లు వస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలలో చాలామందికి వరుస తప్పని పనులంటే ఇష్టం. ఒక్కో మెట్టుకు ఒక్కో బొమ్మ చొప్పున కుళాయి దగ్గర అంటించండి. పూర్తయిన మెట్టు బొమ్మను బిడ్డే తిప్పి పెట్టాలి. వుజూ అలా నేర్చుకున్న బిడ్డకు, బొమ్మల వరుస చూసి పనిచేయడం అనే నైపుణ్యం వస్తుంది. రేపు బేకరీ గోడ మీద ఉండేది అలాంటి వరుసే. ఐదు పూటల అజాన్లు కూడా మాట రాని బిడ్డకు రోజును భాగాలుగా చూపించే గడియారం వంటివి.

ప్రవర్తన వెనుక కారణం

పని వచ్చినా ఉద్యోగం పోయే సందర్భాలు చాలా ఉంటాయి. మధ్యాహ్నం అరిచాడు, చెవులు మూసుకుని కూర్చున్నాడు, తోటివాడిని నెట్టాడు. యజమాని ‘ఇక వద్దండీ’ అంటాడు. విశ్లేషకుడి అసలు నైపుణ్యం ఇక్కడే తెలుస్తుంది. ఆయన మూడు గడులు గీస్తాడు: ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తరువాత ఏం జరిగింది. కొన్ని రోజులు రాసిన మీదట, పిండి కలిపే యంత్రం మొదలైన ప్రతిసారీ అరుస్తున్నాడని, అరిస్తే బయటికి పంపిస్తున్నారని తేలుతుంది. ఆ శబ్దాన్ని అతడు భరించలేడు. బయటికి వెళ్లడానికి తనకు తెలిసిన ఒకే దారి అరవడం. కాబట్టి దండించడం మానేసి, ‘విరామం కావాలి’ అని చూపించే ఒక కార్డు చేతికిస్తారు. చెవులకు రక్షణ కల్పిస్తారు. వీలైతే బల్లను యంత్రానికి దూరంగా జరుపుతారు. అరుపు చేసిన పనిని కార్డు చేయడం మొదలుపెట్టాక అరవవలసిన అవసరం తగ్గుతుంది.

ఈ విద్య చరిత్రలో మచ్చ లేకపోలేదు. అమెరికాలో ఇవార్ లోవాస్ తొలి రోజుల్లో చేసిన ప్రయోగాలలో చెంపదెబ్బలు, విద్యుత్ షాకులు కూడా ఉన్నాయి. చిన్నప్పుడు ఇటువంటి శిక్షణ పొందిన ఆటిజం ఉన్న పెద్దలు కొందరు ఈనాడు మాట్లాడుతున్నారు. బలవంతంగా కళ్లలోకి చూడమనడం, ఎవరికీ హాని చేయని చేతుల కదలికను అణచివేయడం తమను గాయపరిచాయని చెబుతున్నారు. వారి మాట వినాలి. అందుచేత శిక్షణ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు కొన్ని ప్రశ్నలు వేయాలి. మేము పక్కన కూర్చుని చూడవచ్చా? కొట్టడం, భయపెట్టడం ఉందా? నేర్పేది మా బిడ్డ జీవితానికి పనికివచ్చేదేనా, లేక పదిమందిలో మామూలుగా కనిపించడానికేనా? బోధించేవారి పేరు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ వద్ద నమోదై ఉందా? తల్లిదండ్రులను లోపలికి రానివ్వని చోట బిడ్డను వదలకండి.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. బుద్ధిలో కొంత లోపం ఉన్న ఒక స్త్రీ వచ్చి తనకు మీతో పని ఉందని ప్రవక్త (స)కు విన్నవించుకుంది. ఆమె ఏ వీధిని కోరుకుంటే ఆ వీధిలోనే నిలబడి వింటానని ఆయన చెప్పి, ఆమె చెప్పవలసింది పూర్తయ్యేదాకా ఆమెతో ఉన్నారు. చోటును ఎంచుకునే హక్కు ఆమెకిచ్చారు. ఈ వృత్తిలో ఉన్నవారికి ఇంతకంటే గొప్ప ప్రమాణం ఏముంటుంది?

పద్దెనిమిదేళ్ల గీత

చట్టం ఏం చెబుతోందో కూడా తెలుసుకోవాలి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 2016లో చేసి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి తెచ్చిన కొత్త చట్టం 21 వైకల్యాలలో ఆటిజాన్ని చేర్చింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం నిర్ధారణ అయిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా లభిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాలలో వికలాంగులకున్న 4 శాతం రిజర్వేషన్లలో ఒక శాతం ఆటిజం, మేధోపర వైకల్యం, మానసిక అస్వస్థత, బహుళ వైకల్యాల వంటి వర్గాలకు ఉమ్మడిగా ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ‘నిరామయ’ అనే లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉంది.

బిడ్డకు 18 ఏళ్లు నిండిన తరువాత తల్లిదండ్రులు చట్టం దృష్టిలో తమంతట తామే సంరక్షకులు కారు. అవసరమైనచోట కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. చాలా కుటుంబాలు ఈ విషయాన్ని ఆస్తి తగాదా వచ్చినప్పుడే తెలుసుకుంటున్నాయి.

దివ్య ఖురాన్ ‘నిసా’ సూరా ఐదు, ఆరు వాక్యాలలో ఈ విషయానికి వెలుగు దొరుకుతుంది. వ్యవహార జ్ఞానం చాలనివారి చేతికి ఆస్తిని వదిలివేయవద్దని, దానిలోనుంచే వారికి తిండి, బట్ట సమకూర్చి, వారితో మంచిగా మాట్లాడమని ఐదో వాక్యం ఆదేశిస్తుంది. అనాథలు యుక్తవయసుకు వచ్చేవరకు వారిని పరీక్షిస్తూ ఉండమని, వివేకం కనిపిస్తే వారి సొత్తు వారికి అప్పగించమని ఆరో వాక్యం చెబుతుంది. ఆ పరీక్ష ఎలాగన్నదానిని ఫిఖ్హ్ పండితులు వివరించారు. చిన్న మొత్తం చేతికిచ్చి బేరం, కొనుగోలు చేయించి చూడాలన్నారు. ఈ వాక్యం అనాథల గురించి అవతరించినదే. అయినా చిన్న లావాదేవీలతో మొదలుపెట్టి సామర్థ్యం మేరకు అప్పగిస్తూ పోవడం అనే దాని వివేకం మన బిడ్డలకూ దారి చూపుతుంది. పది రూపాయలు ఇచ్చి పాలప్యాకెట్ కాకపోయినా ఒక బిస్కెట్ పొట్లం తెమ్మనండి.

బిడ్డ సంపాదించిన జీతం బిడ్డదే. తండ్రి ఆస్తిలో ధర్మం నిర్ణయించిన వాటా కూడా, కొడుకైనా కూతురైనా, వైకల్యం కారణంగా తరగదు. ‘మేమే కదా చూసుకుంటున్నాం’ అంటూ ఆ వాటాను తమ పేర రాయించుకునే అన్నదమ్ములు, అది తమ చేతిలో ఉన్న అమానత్ అని, దానికి లెక్క చెప్పవలసిన రోజు ఉందని గుర్తుంచుకోవాలి.

మిగిలిన సగం మన చేతుల్లో

ఆటిజం గురించి ప్రపంచ దినం ఉండాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించిన దేశం ఖతర్. 2008 నుంచి ఏప్రిల్ 2న అది జరుగుతోంది. డెన్మార్క్‌లో థోర్కిల్ సోనె 2004లో స్థాపించిన ‘స్పెషలిస్టెర్న్’ అనే సంస్థ ఆటిజం ఉన్నవారి నిశిత దృష్టినే ఆధారం చేసుకుని వారికి ఉద్యోగాలు కల్పించింది. జర్మనీకి చెందిన శాప్ సంస్థ 2013లో అటువంటి నియామకాల పథకాన్ని ప్రకటించింది. దానికి ముందు జరిపిన ప్రయోగాలలో ఒకటి మన భారతదేశంలోనిదే. అయితే ఆటిజం ఉన్నవారందరూ కంప్యూటర్ నిపుణులు కాలేరు. మన పిల్లలలో ఎక్కువమందికి కావలసినవి బేకరీలో, మొక్కల నర్సరీలో, అచ్చు యంత్రాల దగ్గర, కూరగాయలు ఏరి వేరుచేసే బల్ల దగ్గర ఉండే పనులు. బోయిన్‌పల్లి వంటి పెద్ద కూరగాయల మార్కెట్ ఉన్నచోట చేతికి పనులు కరువా? ఆడపిల్లలకు ఇంటివద్దనే మసాలా పొట్లాలు కట్టడం, కుట్టుపని అమర్చవచ్చు. వారికి పనితో పాటు తమ దేహాన్ని ఎవరు తాకకూడదో, ఎప్పుడు ఎవరికి చెప్పాలో తప్పక నేర్పాలి.

దుకాణాలున్న సోదరులకు మా విన్నపం ఒకటే. జకాత్ ఇచ్చే చేతితోనే ఒక చిన్న ఉద్యోగం కూడా ఇవ్వండి. రోజుకు రెండు గంటలైనా సరే. అతనికి చెప్పవలసింది తక్కువ మాటల్లో, ఒక్కో సూచనగా చెప్పండి. పని వేళలు మారితే ముందురోజే చూపించండి. చేసిన పనికి తగిన జీతం చేతికివ్వండి. మసీదు కమిటీలవారు తువ్వాళ్లు మడవడం, చాపలు పరచడం, పుస్తకాల అర సర్దడం వంటి పనులను ఒక బిడ్డ పేర కేటాయించవచ్చు. ఆ బిడ్డ కోసం ఒక వరుస చివర కాస్త నిశ్శబ్దమైన చోటు ఉంచవచ్చు. డిగ్రీ ముగించి ఏ దారిలో వెళ్లాలో ఆలోచిస్తున్న మన యువతీయువకులు ప్రత్యేక విద్యను, పునరావాస మనోవిజ్ఞానాన్ని కూడా పరిశీలించాలి. తెలుగు, ఉర్దూ రెండూ తెలిసిన నిపుణులు దొరికితే మన తల్లులు తమ బిడ్డ గురించి తమ మాటలోనే చెప్పుకోగలుగుతారు.

‘మా తరువాత ఎవరు’ అన్న ప్రశ్నకు ఏ ఒక్క మనిషి పేరూ పూర్తి సమాధానం కాలేదు. నేర్చుకున్న పని, తన పేర ఉన్న జీతం, చట్టబద్ధమైన సంరక్షణ, తెల్లవారిందని చెప్పే పొరుగువారు – ఈ నాలుగూ కలిస్తేనే సమాధానం అవుతుంది. వాటిని ఇవాళే, బిడ్డ చిన్నగా ఉండగానే మొదలుపెట్టాలి.

మన ఇళ్లకు అమానత్‌గా వచ్చిన ఈ బిడ్డల హక్కు నెరవేర్చే ఓర్పును, జ్ఞానాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.